పోర్తో స్టేషన్ గోడల మీద చరిత్ర

ప్రశ్న: మా అబ్బాయి లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెలలో మేము వెళ్లినప్పుడు పోర్తో నగరంలో ఒక్క రోజు గడపాలనుకుంటున్నాము. అక్కడి సావ్ బెంతో రైల్వే స్టేషన్‌ను తప్పక చూడమంటున్నారు. ఒక స్టేషన్‌లో అంతగా చూడవలసింది ఏముంటుంది? ఎంత సమయం పడుతుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చూడవలసింది రైళ్లను కాదండీ, ప్రవేశ మంటపం గోడలను. బెనెడిక్టైన్ సన్యాసినుల మఠం ఉన్న స్థలంలో మార్కెస్ ద సిల్వా అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన ఈ భవనం 1916లో ప్రారంభమైంది. లోపలి గోడలకు జోర్జ్ కొలాసో చిత్రించిన సుమారు 20,000 పింగాణీ పలకలను తాపడం చేశారు. పోర్చుగీసువారు వీటిని అజులేజు అంటారు. చిత్రాలు చాలావరకు తెలుపు మీద నీలిరంగులో ఉంటాయి. పైకప్పుకు దగ్గరగా సాగే పట్టీ మాత్రం రంగురంగులది, అందులో బండ్ల కాలం నుంచి రైలు దాకా ప్రయాణ సాధనాల కథ ఉంది.

పెద్ద చిత్రాలలో, ఉత్తర ఆఫ్రికా తీరంలోని సెయుతా నగరాన్ని 1415లో పోర్చుగీసువారు ముట్టడించిన దృశ్యం ఎక్కువగా ఫొటోలకెక్కుతుంది గాని, నా మట్టుకు ఎగాస్ మొనీష్ అనే పోర్చుగీసు సామంతుడి చిత్రమే గొప్పది. తన ప్రభువు తరఫున పొరుగున ఉన్న లియోన్ రాజ్యపు రాజుకు ఇచ్చిన మాట చెల్లకపోవడంతో, ఆ పెద్దమనిషి భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని, మెడకు ఉరితాడు తగిలించుకుని, ప్రాణాలు అప్పగించడానికి ఆ రాజు ముందుకు వెళ్లాడని ఐతిహ్యం. సత్యహరిశ్చంద్రుణ్ణి ఎరిగిన మనకు ఆ ఘట్టాన్ని వేరుగా వివరించనక్కరలేదు. ముందు దూరంగా నిలబడి మొత్తం దృశ్యాన్ని చూసి, తరువాత దగ్గరకు వెళ్లి ఒక్కొక్క పలక అంచును గమనించండి. ఒకే ముఖం రెండు మూడు పలకల మీదుగా సాగినా గీత తెగినట్టు కనిపించదు. ద్రాక్షకోత, నీటిమర వంటి పల్లె దృశ్యాలను హడావుడిలో చాలామంది దాటిపోతారు. వాటినీ కలుపుకుంటే ముప్పావుగంట చాలు.

మంటపంలోకి వెళ్లడానికి టికెట్టు అవసరం లేదు. ఇది నేటికీ నిత్యం రైళ్లు నడిచే స్టేషన్ కనుక, ఉద్యోగులు రాకపోకలు సాగించే వేళలు తప్పించి వెళ్లడం మంచిది. లిస్బన్ నుంచి వచ్చే దూరప్రయాణపు రైళ్లు కంపాన్యా స్టేషన్‌లోనే ఆగుతాయి. అక్కడ లోకల్ రైలు మారితే కొద్ది నిమిషాలలో సావ్ బెంతో చేరవచ్చు. కొలాసో పనితనం ఇంకా చూడాలనిపిస్తే, నడక దూరంలోనే ఉన్న సాంతు ఇల్దెఫోన్సు చర్చి ముఖభాగం మీది పలకలు కూడా ఆయనవే.