పాత స్పోర్ట్స్ కారు కొన్న మేనల్లుడికి

జయపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో పోర్షే బాక్స్‌స్టర్ కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బండి ఎడమకి లాగుతోందట, నువ్వే బాగుచేసి దసరాకి విశాఖ నుంచి అందులోనే వస్తావట. మీ అత్త అప్పుడే వీధంతా చెప్పేసింది. జీపుల కింద దూరి రిపేర్లు చేసుకుని బతికిన ఇంటికి అలాంటి బండి వస్తుందంటే నాకు మాత్రం గొప్పగా ఉండదా? కానీ సాలూరు దాటాక సుంకి ఘాట్ మలుపులు గుర్తొస్తేనే టెన్షన్ పట్టుకుంటోంది. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున్నే, బండి కదలకముందే, టైర్లలో గాలి చూడు. ముందు టైర్లకీ వెనక టైర్లకీ లెక్క వేరు. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2317 అంటే 2017లో 23వ వారం. ఇలాంటి బళ్లు తిరిగేది తక్కువ, షెడ్డులో నిలబడేది ఎక్కువ. ట్రెడ్, అంటే టైరు మీది గాళ్లు, నిండుగా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. వానలో అది రోడ్డుని పట్టుకోదు.

లాగుడు బ్రేకు వేసినప్పుడా, ఎప్పుడూనా? ముందు అది తేల్చుకో. బ్రేకు వేసినప్పుడే అయితే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కేది), హోస్ (బ్రేకు ఆయిల్ గొట్టం) చూడు. ఎప్పుడూ లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడుపు. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుది. టైరు మీద బాణం గుర్తుంటే అలా నేరుగా మార్చకూడదు, రిమ్ము నుంచి ఊడదీసి ఎక్కించాలి. ఎనభై, వంద స్పీడులో మాత్రమే స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చేయించు. అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల కోణాలు సరిచేయించడానికి, డబ్బు తగలెయ్యకు.

తర్వాత టై రాడ్లు, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని తిప్పే కడ్డీలు. ఒకడిని లోపల కూర్చోబెట్టి స్టీరింగ్ కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదపమను. నువ్వు టై రాడ్ చివర జాయింట్ మీద వేళ్లు పెట్టు. అరిగిన జాయింట్ చప్పుడు చెవికి వినపడక ముందే వేలికి తెలుస్తుంది. ఒరేయ్, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరావో, వచ్చి చెవి మెలేస్తాను! స్టాండ్లు పెట్టు.

ఇక అసలు విషయం. సునాబెడ ఆయన ఒకరు మారుతి ఎస్టీమ్ కారు తెచ్చారు. కింది ప్రాంతంలో ఏదో షెడ్డులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చెయ్యి) బుష్‌లు (ఇనప గొట్టం చుట్టూ రబ్బరు ఉండే ముక్కలు) కొత్తవి వేయించారు. సరుకు మంచిదే. కొన్ని నెలలకే బండి మళ్లీ లాగింది. వాళ్లు మళ్లీ అలైన్‌మెంట్ చేశారు, మళ్లీ బిల్లు వేశారు, అది మళ్లీ లాగింది. ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కితే స్టీరింగ్ చేతిలో దానంతటదే తిరుగుతోందని, భార్యాపిల్లల్ని ఎక్కించుకోవడం మానేశానని ఆయన నాతో అన్నారు. ఆర్మ్ దగ్గర రాడ్డు పెట్టి ఎత్తి చూశాను. కొత్త బుష్ రబ్బరు చుట్టూ చిరిగిపోయి నల్లటి పొడి రాలింది. జరిగిందేంటంటే, బండి లిఫ్ట్ మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. బుష్ లోపలి గొట్టం ఆ వేలాడిన కోణంలోనే బిగుసుకుపోయింది. బండి నేల మీదికి దిగేసరికి ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. నిలబెట్టినా, నడిపినా ఆ మెలిక పోదు. చిరగక ఏం చేస్తుంది? చిరిగాక బ్రేకు వేసిన ప్రతిసారీ ఆర్మ్ జరుగుతుంది, చక్రం తన దారిన తిరుగుతుంది. అలైన్‌మెంట్ మెషిన్ మీద బండి కదలకుండా ఉంటుంది కాబట్టి అక్కడ అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

నీ బండిలోనూ అలాంటి బుష్‌లున్నాయి. మార్చినప్పుడు బోల్టులు వదులుగానే ఉంచి, బండి బరువంతా చక్రాల మీద పడ్డాక, నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు మాన్యువల్లో చెప్పినంత బిగించు. "లిఫ్ట్ మీదే అయిపోతుంది సార్" అన్న మేస్త్రికి దండం పెట్టి వచ్చెయ్.

అలైన్‌మెంట్ ఆఖరున. స్క్రీన్ మీద ఆకుపచ్చరంగు చూసి మురిసిపోకు, వెనక చక్రాల టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడు. అది తేడాగా ఉంటే బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది. అందం కోసం బండిని కిందికి దించే పని అసలు పెట్టుకోకు. టై రాడ్ కోణం మారిపోయి ప్రతి గతుకుకీ చక్రం కొంచెం కొంచెం తిరుగుతుంది. మన దారిలో గతుకులకేం కొదవలేదు కదా.

ఇంకొకటి. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఇంజను నీ వీపు వెనకే ఉంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారి తీసేస్తే బరువు ముందుకి పోయి వెనక చక్రాలు తేలికవుతాయి, బండి తోక బయటికి తిరుగుతుంది. తగ్గించేదేదో మలుపులోకి వెళ్లకముందే తగ్గించు. నువ్వు భయస్తుడివి కాదని తెలుసు నాయనా, చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని స్టీరింగ్ వదిలేవాడివి కాదు. నా భయమూ అదే.

అలైన్‌మెంట్ కాగితం ఫోటో తీసి పంపు. ముందుది, వెనకది, రెండూ కనపడాలి. సాలూరులో ఆగి, టీ తాగి నాకు ఫోన్ చెయ్. బండి అప్పటికి సిద్ధం కాకపోతే మొహమాటపడకుండా కిరండూల్ పాసింజర్ ఎక్కి రా. స్టేషన్‌కి నేనొస్తాను.

మీ మావయ్య