క్లాస్ రాస్తే టేబుల్ వస్తుంది, మరి ఎస్‌క్యూఎల్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి 2005లో పుట్టాడు. గుంటూరు దగ్గర ఒక కళాశాలలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ ఆన్‌లైన్‌లో చెబుతున్న నాలుగు నెలల ఫుల్‌స్టాక్ (వెబ్‌సైటు పైకి కనిపించే భాగం నుంచి డేటాబేస్ దాకా) పైథాన్ కోర్సులో చేర్పించాను. ఫీజు 38 వేలు, మొదటి వాయిదా 15 వేలు కట్టేశాను. పైథాన్‌లో క్లాస్ (డేటా నమూనాను వివరించే కోడ్ ముక్క) రాస్తే డేటాబేస్‌లో టేబుల్ దానంతటదే తయారవుతుందని, ఏ డేటాబేస్‌కైనా అదే కోడ్ సరిపోతుందని, డేటాబేస్‌తో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ మీద సమయం పోగొట్టుకోవద్దని అక్కడి సార్ చెప్పారట. కళాశాలలో డీబీఎంఎస్ (డేటాబేస్ పాఠం) చెప్పే మేడమ్ మాత్రం ఎస్‌క్యూఎల్ రాకపోతే బయట ఇబ్బంది పడతావని అంటున్నారు. మా తోడల్లుడి కొడుకు ఫుల్‌స్టాకే చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. ఫుల్‌స్టాక్ మంచిదా, డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) కోర్సు మంచిదా? పోల్చి చెప్పగలరు. రెండో వాయిదా నెలాఖరులోగా కట్టాలి. — తెనాలి నుంచి ఒక తండ్రి

జవాబు: ఊరి పేరు, కోర్సు పేరు, ఫీజు అంకె మారతాయి గానీ ఈ ఉత్తరం నాకు నెలకు నాలుగైదుసార్లు వస్తూనే ఉంటుంది. పైకి అడిగేది రెండు కోర్సుల మధ్య పోలికే అయినా, అడుగున ఉన్న దిగులు వేరు: కట్టిన డబ్బు నీళ్లపాలవుతుందేమో, పిల్లవాడు తోటివాళ్ల కంటే వెనకబడతాడేమో అని. కాబట్టి ముందుగా ఆ దిగులుకే జవాబు చెబుతాను. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, మూడో సంవత్సరం విద్యార్థికి ఇందులో దేనికీ ఆలస్యం కాలేదు, ఇద్దరు ఉపాధ్యాయులు రెండు రకాలుగా చెబుతుంటే మీ అబ్బాయికి అనుమానం రావడం మంచి లక్షణమే. గేట్, క్యాంపస్ పరీక్షల సంగతి మీ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది కనుక దాని జోలికి వెళ్లను.

శిక్షణ సంస్థ సార్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు, సగం దగ్గర ఆపేశారంతే. ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను తీసుకోండి. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనమైన జాంగో వాడేవాళ్లు ‘రోగి’ అనే క్లాస్ రాసి, అందులో పేరు, ఫోన్ నంబరు, బీమా ఉందా లేదా అనే మూడు ఫీల్డులు పెడతారు. మేక్‌మైగ్రేషన్స్ అన్న ఆదేశం ఇస్తే జాంగో ఆ క్లాస్‌ను ఇంతకుముందున్న రూపంతో సరిపోల్చుకుని, తేడాలను ఒక మైగ్రేషన్ ఫైలుగా రాస్తుంది. మైగ్రేట్ అంటే ఆ ఫైలును మనం వాడుతున్న డేటాబేస్‌కు తగిన ఎస్‌క్యూఎల్‌లోకి మార్చి అమలు చేస్తుంది. బీమా ఫీల్డు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో బూలియన్ (అవును లేదా కాదు) కాలమ్ అవుతుంది, మైఎస్‌క్యూఎల్‌లో చిన్న పూర్ణాంకం అవుతుంది, టేబుల్ కాలమ్‌కు బూలియన్ రకమే చాలాకాలం లేని ఒరాకిల్‌లో ఒకే అంకె పట్టే సంఖ్య అవుతుంది. క్లాస్ రాసినవాడు ఈ మూడింటి గురించీ ఆలోచించనక్కరలేదు. ఒకే సాఫ్ట్‌వేర్‌ను పది ఆసుపత్రులకు అమ్మే సంస్థకు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో డేటాబేస్ ఉన్నప్పుడు, ఇది ఎంత శ్రమ తగ్గిస్తుందో ఒకప్పుడు డేటాబేస్‌కొక ఎస్‌క్యూఎల్ ఫైలు విడివిడిగా రాసిపెట్టుకున్నవాళ్లను అడిగితే చెబుతారు.

మన భాషకే సంబంధించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ‘వెంకటేశ్వరరావు’ అనే పేరులో గుణింతాలు, ఒత్తు, సున్న అన్నీ కలిపితే యూనికోడ్ లెక్కన 14 సంకేతాలుంటాయి; యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి మొత్తం 42 బైట్లు. ఒరాకిల్‌లో పేరు కాలమ్‌ను చేత్తో వార్‌చార్2(30), అంటే 30కి మించి పట్టని అక్షరాల కాలమ్, అని రాస్తే, సెట్టింగు మార్చనంతవరకు ఆ 30 అన్నది బైట్ల లెక్క, కాబట్టి వెంకటేశ్వరరావు అందులో పట్టడు. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌చార్(30) అంటే సంకేతాల లెక్క, అక్కడ హాయిగా పడతాడు. జాంగో ఒరాకిల్‌కు టేబుల్ తయారుచేసేటప్పుడు బైట్లతో కొలవని ఎన్‌వార్‌చార్2 రకాన్ని ఎంచుకుంటుంది కనుక మనకు ఈ చిక్కే కనబడదు. ఆ తేడా ఎరిగినవాళ్లు జాంగో రాశారు కాబట్టి కనబడటం లేదు. ఎస్‌క్యూఎల్ అక్కరలేదని చెబుతున్న ఆ సౌకర్యమంతా ఎస్‌క్యూఎల్ క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కట్టిపెట్టిందేనన్న మాట మాత్రం ఆ సార్ క్లాసులో చెప్పినట్లు లేదు.

ఇక ‘ఏ డేటాబేస్‌కైనా అదే కోడ్’ అన్న హామీ ఎక్కడ ఆగుతుందో చూడండి. జాంగోలో కొత్త ప్రాజెక్టు తెరిస్తే అది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తోనే మొదలవుతుంది, నేర్చుకునే పిల్లలు ఎక్కువమంది దానిమీదే ఉండిపోతారు. ఫోన్ నంబరుకు గరిష్ఠంగా 10 అక్షరాలని క్లాస్‌లో రాసి, ఒక ఎక్సెల్ ఫైలులోని రోగుల వివరాలను స్క్రిప్టుతో ఎక్కించారనుకోండి. వాటిలో కొన్ని నంబర్లు +91తో కలిపి 13 అక్షరాలున్నా ఎస్‌క్యూలైట్ కిక్కురుమనకుండా పుచ్చుకుంటుంది, ఎందుకంటే అది కాలమ్ పొడవును పట్టించుకోదు. వెబ్ ఫారమ్‌లో జరిగే తనిఖీ స్క్రిప్టుతో నేరుగా ఎక్కించేటప్పుడు జరగదు. ఆ స్క్రిప్టునే ఉద్యోగంలో చేరాక పోస్ట్‌గ్రెస్ మీద నడిపితే మొదటి పొడవాటి నంబరు దగ్గరే ఆగిపోతుంది, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా. మైగ్రేషన్‌లో ఐదు మార్పులుండి మూడోది విఫలమైతే పోస్ట్‌గ్రెస్ మొత్తాన్ని వెనక్కి తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ మొదటి రెండింటినీ అలాగే ఉంచేస్తుంది. అప్పుడు టేబుల్ ఏ స్థితిలో ఉందో చూసి చేత్తో సరిచేయవలసిన మనిషికి పైథాన్ క్లాసులు అక్కరకు రావు.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేశాను. మా బృందంలో ఒక కుర్రాడు ‘ఫోన్’ అన్న ఫీల్డు పేరును ‘మొబైల్’ అని మార్చాడు. మేక్‌మైగ్రేషన్స్ ఇవ్వగానే, ఫోన్ పేరునే మొబైల్‌గా మార్చారా అని జాంగో అడిగి, పక్కన చిన్న వై, పెద్ద ఎన్ చూపించింది. పెద్ద అక్షరంలో ఉన్నదే ఎంటర్ నొక్కితే వెళ్లే జవాబు. అతడు ప్రశ్న చదవకుండా ఎంటర్ నొక్కాడు. దాంతో పేరు మార్పు కాస్తా పాత కాలమ్ తీసివేత, కొత్త కాలమ్ చేర్పు అయింది. కొత్త ఫీల్డు ఖాళీగా ఉండవచ్చని ముందే ప్రకటించి ఉండటంతో మరో ప్రశ్న కూడా రాలేదు. ఆ చిన్న ఫైలును చూసి ‘సరే, పంపించు’ అన్నవాణ్ణి నేనే. సాయంత్రానికి ఖాతాదారుల ఫోన్ నంబర్ల కాలమ్ మొత్తం ఖాళీగా కనిపించింది. ముందు రాత్రి తీసిన బ్యాకప్ నుంచి చాలావరకు తెచ్చుకున్నాం, ఆ పగలు చేరిన నంబర్లు మాత్రం దక్కలేదు. డేటాబేస్ పనికి పైథాన్‌లోనే ఉన్న మరో సాధనం ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీతో వాడే మైగ్రేషన్ పనిముట్టు అలెంబిక్ అయితే ఆ ప్రశ్న కూడా అడగదు, పేరు మార్పును తీసివేతగా, చేర్పుగా రాసి మన ముందు పెడుతుంది, చదివి దిద్దుకోవలసింది మనమే. మైగ్రేషన్ ఫైలును ఎస్‌క్యూఎల్‌గా ఊహించుకుని చదవగలగడం అప్పటినుంచి నా దృష్టిలో ఉద్యోగానికి కనీస అర్హత.

ఫుల్‌స్టాక్ అన్న మాట మీద నాకున్న అనుమానాలను దాచుకోను. నాలుగు నెలల్లో హెచ్‌టీఎంఎల్ దగ్గర మొదలుపెట్టి జావాస్క్రిప్ట్, రియాక్ట్, పైథాన్, జాంగో, డేటాబేస్, చివరికి సర్వర్ మీద పెట్టడం దాకా అన్నీ చెబుతామనే సిలబస్ కాగితాలను తల్లిదండ్రులు నాకు తెచ్చి చూపిస్తుంటారు. నేను చూసినవాటిలో డేటాబేస్‌కు ఒక వారం దక్కితే గొప్ప. అందరి చేతిలోనూ అదే షాపింగ్ సైటు ప్రాజెక్టు, అవే క్లాసులు, అవే పేర్లు. ఇంటర్వ్యూలో రెండు టేబుళ్లు కాగితం మీద గీసి ఒక్క ఆర్డరూ పెట్టని ఖాతాదారుల జాబితా తీయమంటే, జాంగో ఉంటే చేస్తానని చెప్పిన అభ్యర్థులను నేను చూశాను. ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. ఒక అంతస్తు పైనుంచి నేర్పి, కింద అంతస్తు ఉందని చెప్పకుండా పంపించారు. పైగా, డేటాబేస్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చన్న ఊరింపు కూడా నాకు అతిగానే తోస్తుంది. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) వరకు తేలిగ్గానే మారుతుంది. నేరుగా ఎస్‌క్యూఎల్‌లో రాసుకున్న రిపోర్టులు, డేటాబేస్ లోపల పెట్టిన ప్రొసీజర్లు, ఏళ్ల తరబడి పేరుకున్న డేటా అలా మారవు. ఖాళీ స్ట్రింగ్‌ను ఒరాకిల్ నల్‌గా, అంటే విలువే లేనట్టుగా చూస్తుంది, మిగతావి చూడవు. ఆ ఒక్క తేడా చాలు, నెల రోజులు తినడానికి.

క్లాస్ నుంచి టేబుల్ తయారవడం కొత్త పద్ధతి అన్న మాటకు కూడా లొంగిపోవద్దు. జావావాళ్లకు ఇదే పని చేసిపెట్టే హైబర్నేట్ 2001 నాటిది, జాంగో విడుదలైంది మీ అబ్బాయి పుట్టిన 2005లోనే, అందులో మైగ్రేషన్లు అంతర్భాగంగా చేరింది 2014లో, 1.7 వెర్షన్‌తో. ఎస్‌క్యూఎల్‌కు అమెరికా ప్రమాణ సంస్థ ఆమోదం 1986లో వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ పద్ధతి, ఎస్‌క్యూఎల్ రెండూ కలిసే పనిచేస్తున్నాయి. ఇప్పుడు ఏఐ అంతా రాసిపెడుతుందని మీ తోడల్లుడిగారి అబ్బాయి రేపో మాపో అనవచ్చు. రాసిపెడుతుంది, కానీ ఆ వై, ఎన్ ప్రశ్నకు ఏది జవాబో తేల్చుకోవలసింది మనిషే.

డీబీఏ కోర్సు గురించి క్లుప్తంగా: బ్యాకప్‌లు, రెప్లికేషన్ (డేటాకు మరో ప్రతిని నడపడం), నెమ్మదించిన క్వెరీల నిర్ధారణ గౌరవప్రదమైన పనులే, కానీ నడుస్తున్న డేటాబేస్ తాళాలను కొత్తగా చేరిన కుర్రాడి చేతికి ఏ సంస్థా ఇష్టంగా ఇవ్వదు, క్లౌడ్ సేవలు వచ్చాక రోజువారీ పనిలో కొంత భాగం వాటికే పోయింది. డెవలపర్‌గా రెండు మూడేళ్లు చేసి అటు మళ్లినవాళ్లు బాగానే ఉన్నారు. అందుకని మూడో సంవత్సరంలో ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాలన్న తొందర అనవసరం. మీరు అడిగిన పోలిక ఇంతకంటే సాగదు, నన్ను మన్నించండి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో ఫీజు వివరం ఉంది, వాయిదా గడువు ఉంది, తోడల్లుడి కొడుకు ఉన్నాడు. మీ అబ్బాయికి ఏది నచ్చుతోందో ఒక్క వాక్యం కూడా లేదు. 15 వేలు కట్టేశాక మంచిదా అని నన్ను అడుగుతున్నారు, కట్టేముందు వాణ్ణి అడిగారా? పిల్లవాడి చదువును బంధువుల ఇళ్లతో కొలవడం మానుకోండి. బెంగళూరు అబ్బాయి ఏ సంవత్సరం చేరాడో, ఎన్ని ఇంటర్వ్యూలు పోయాక దొరికిందో మీకు చెప్పి ఉండరు, పెళ్లిళ్లలో అవి చెప్పుకోరు. మీరు వడ్డీకి తెచ్చి కట్టి ఉంటే ఆ భారం నాకు అర్థమవుతుంది, కానీ ఆ భారాన్ని వాడి ఎదుట రోజూ లెక్కపెట్టకండి.

కోర్సు మానిపించనక్కరలేదు. జాంగో నేర్చుకోవడం మంచిదే, మేడమ్ చెబుతున్న డీబీఎంఎస్ క్లాసులకు ఎగనామం పెట్టకుండా ఉంటే చాలు. ఈ ఆదివారం మీ అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ తెరిపించి, వాడు రాసిన ఏదో ఒక మైగ్రేషన్‌కు ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ అనే ఆదేశం ఇమ్మనండి. ఆ మైగ్రేషన్ వెనక ఉన్న ఎస్‌క్యూఎల్ తెర మీద కనబడుతుంది. తర్వాత ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌ను ఎక్కించుకుని, సెట్టింగుల్లో డేటాబేస్ మార్చి, మళ్లీ అదే ఆదేశం ఇచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ వరుస ఎందుకు మారిందో మీకు తెలుగులో చెప్పమనండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు, వాడు తడబడుతున్నాడో లేదో తండ్రికి తెలియకపోదు. తడబడితే ఆ వరుసలను ఒక కాగితం మీద రాయించి, ఆ కాగితాన్ని సోమవారం మేడమ్ దగ్గరికి, మంగళవారం సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులో సార్ దగ్గరికి పట్టుకెళ్లమనండి. సార్ విసుక్కోకుండా వివరిస్తే రెండో వాయిదా కట్టండి. ఇవి అక్కరలేదని కొట్టిపారేస్తే, మిగిలిన 23 వేలు మీ దగ్గరే ఉంచుకోండి.