అప్పు ఉన్నప్పుడు దశమభాగం ఆపాలా?

ప్రశ్న: మాది గాజువాక. ఆరేళ్లుగా అబుదాబిలో పైపింగ్ ఫోర్‌మన్‌గా చేస్తున్నాను. జీతం 6,500 దిర్హాములు, అందులో బేసిక్ 4,000. రూము కంపెనీదే. నా తిండికీ ఫోనుకీ 1,500 ఉంచుకుని మిగతాది ఇంటికి పంపితే సుమారు 1,20,000 రూపాయలవుతోంది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు కలిపి 48,000, ఇంటి లోను కిస్తీ 18,000, దశమభాగం (సంపాదనలో దేవుడికని ఇచ్చే పదో వంతు) 12,000, చీటీకి 10,000. చీటీ 2 లక్షలది, ఇరవై నెలలు, పద్నాలుగు కట్టాం, ఇంకా ఎత్తలేదు. బయట 3 లక్షల అప్పుంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. చేబదుళ్లు, సాయాలు నెలకు 15,000 దాకా పోతున్నాయి. మా సంఘం మందిరం కడుతుంటే 2 లక్షలిస్తానని మాటిచ్చి 60,000 ఇచ్చాను, ఇప్పుడు నెలకు 8,000 కడుతున్నాను. చేతిలో ఏమీ నిలవడం లేదు. అప్పు తీరేదాకా దశమభాగం ఆపమని మా బావమరిది అంటున్నాడు. మన్నాను దాచుకుంటే పురుగు పట్టింది కదా, దాచుకోవడమే అపనమ్మకమని రూములో ఉండే అన్నయ్య అంటాడు. డిసెంబరులోగా మందిరం డబ్బు ఇచ్చేద్దామని మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టాలనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: దశమభాగం ఆపకండి. మందిరం కోసం బంగారం తాకట్టు పెట్టకండి. బయటి అప్పు తీర్చడానికైతే అదే బంగారాన్ని ఈ నెలలోనే పెట్టండి.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 3 లక్షలకు నెలకు 9,000. మీరు దేవుడికని తీసిపెట్టే సొమ్ములో ముప్పావు వంతు అంత వడ్డీకే పోతోంది, అసలు ఒక్క రూపాయి తరగడం లేదు. బ్యాంకులో బంగారం మీద లోను ఏడాదికి 10 శాతం అనుకున్నా మొదటి నెల వడ్డీ 2,500. సుమారు 4 లక్షల విలువ చేసే నగలు సరిపోతాయి, లోను మీ ఆవిడ పేరునే తీసుకోవచ్చు. నెల నెలా అసలులోకి జమ కట్టుకునే వీలున్న లోనే అడగమనండి. ఏడాది చివర ఒకేసారి తీర్చే పద్ధతిలో తీసుకున్నవాళ్లు గడువు నాటికి డబ్బు అమరక, వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ పోతారు. ఒక ఏడాది ఆ వడ్డీకి కూడా చేయి ఆడకపోతే వేలం నోటీసు వస్తుంది. తూకం దగ్గర రాళ్ల బరువు తీసేశాక నికర బరువు ఎంత రాశారో చూసుకుని రసీదు తీసుకోవాలి.

అప్పు తీర్చే రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి; 20,000, ఆపైన అప్పును నగదుగా తీర్చడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ప్రామిసరీ నోటు వెనక అసలూ వడ్డీ పూర్తిగా ముట్టినట్టు తేదీ వేసి చెల్లు రాయించి, సంతకం పెట్టించి, ఆ నోటు వెనక్కి తీసుకోవాలి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే నంబర్లు సరిచూసుకుని అవి కూడా. చెక్కు కనబడలేదని అంటే ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని అదే రోజు బ్యాంకులో స్టాప్ పేమెంట్ రాసివ్వాలి. మీ ఆవిడ ఒక్కరే వెళ్లకుండా మీ బావమరిదిని సాక్షిగా తోడు తీసుకెళ్లమనండి.

ఇక ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా సంగతి. నిర్గమకాండం 16వ అధ్యాయంలో మర్నాటికి దాచినదానికి పురుగు పట్టిన మాట నిజమే. ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నదీ అదే అధ్యాయం. విశ్రాంతి దినానికని ఉంచుకున్న ఆ రెండో పాలు పాడవలేదు. ఏరుకునే వీలుండదని ముందే తెలిసిన రోజుకు సిద్ధపడితే దాన్ని అక్కడ ఎవరూ అపనమ్మకం అనలేదు. గల్ఫ్ ఉద్యోగంలో ఆ రోజు తప్పకుండా వస్తుంది. ప్రాజెక్టు అయిపోతుంది, వీసా రద్దవుతుంది, లేదా నడుము పట్టేసి పని సాగదు. దేవుడు పోషిస్తాడని నమ్మే మనిషి ఆ నెల పిల్లల ఫీజుకు మళ్లీ మూడు రూపాయల వడ్డీకి వెళ్లకూడదనే నేను నిల్వ గురించి ఇంతగా చెప్పేది.

ఉద్యోగం పోతే అక్కడ మీకు వచ్చేది ఎంతో చూడండి. యూఏఈలో 2023 జనవరి నుంచి నిరుద్యోగ బీమా తప్పనిసరి. మీ బేసిక్‌కు ప్రీమియం నెలకు 5 దిర్హాములు. వరసగా పన్నెండు నెలలు కట్టి ఉంటే బేసిక్‌లో 60 శాతం, అంటే 2,400 దిర్హాములు, గరిష్ఠంగా మూడు నెలలు వస్తుంది. ఉద్యోగం పోయిన 30 రోజుల్లో క్లెయిమ్ వేయాలి. మీరే రాజీనామా చేస్తే, క్రమశిక్షణ చర్యతో తీసేస్తే రాదు. ఇంటి ఖర్చూ కిస్తీ కలిపి నెలకు 66,000 కావాలి, ఆ 2,400 దిర్హాములు 57,600 రూపాయలే. ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన 30 రోజులది: మీ ఆరేళ్లకు 135 రోజులు, 18,000 దిర్హాములు. అది చేతికొచ్చేది అన్నీ ముగించుకుని బయల్దేరేటప్పుడే, కాబట్టి దాన్ని నెల ఖర్చుల్లో లెక్కేసుకోవద్దు. అందుకే మీ నిల్వ లక్ష్యం ఆరు నెలల 66,000, అంటే 3,96,000.

1,20,000ను ఇలా పంచండి. ఇంటికి 48,000, ఇంటి లోనుకు 18,000, బంగారం లోనుకు వడ్డీతో కలిపి 18,000, దశమభాగం 12,000, చీటీ 10,000, సాయాలకు 6,000, మందిరానికి 5,000, బీమాకు 3,000. చీటీని మధ్యలో పాట పాడి ఎత్తకండి, తగ్గింపు రూపంలో నష్టపోతారు. ఆరు నెలల్లో బంగారం లోను అసలులో 95,000 దాకా తీరుతుంది. అప్పటికి చీటీ ముగిసి, కమిషన్ 5 శాతం పోయినా 1,90,000 వస్తుంది. (రిజిస్టర్డ్ చీటీలో కమిషన్ 7 శాతం దాటకూడదు. మీది రిజిస్టర్డ్ అవునో కాదో ఇప్పుడే కనుక్కోండి.) మిగిలిన 15,000 మర్నెల తీరి, ఏడో నెలలో నగలు ఇంటికొస్తాయి. అక్కణ్నుంచి నెలకు 28,000 చొప్పున నిల్వకు వేస్తే పద్నాలుగు నెలల్లో లక్ష్యం దాదాపు పూర్తవుతుంది.

బీమాకు పెట్టిన 3,000తో ముందు మీ పేరున 75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చేది), తర్వాత గాజువాకలో ఉన్న కుటుంబానికి ఆరోగ్య బీమా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. అబుదాబిలో ఉంటున్నారనీ, ఎత్తుల మీద పని చేస్తారనీ దరఖాస్తులో దాచకుండా రాయండి. అది దాస్తే క్లెయిమ్ నాడు మీ ఆవిడ ఇబ్బంది పడుతుంది.

దశమభాగం మొత్తం జీతం మీదైతే 15,600 అవుతుంది. అప్పు తీరేదాకా ఇప్పుడిస్తున్న 12,000 దగ్గరే ఉండండి, తర్వాత పెంచడం మీరిద్దరూ ప్రార్థన చేసుకుని తేల్చుకోవాల్సిన విషయం. ఓవర్‌టైమ్ వచ్చిన నెల దానిలో పదో వంతు తీసి మిగతాదంతా బంగారం లోనుకు కట్టేయండి. అమ్మానాన్నల మందుల్ని మాత్రం దశమభాగం పేరు చెప్పి తగ్గించొద్దు. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని దేవార్పితమని చెప్పి తప్పించుకోవడాన్ని మార్కు 7వ అధ్యాయంలో యేసే తప్పుపట్టాడు.

ఇచ్చే పద్ధతికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయాన్ని మించింది నాకు కనబడలేదు: వర్ధిల్లిన కొద్దీ ముందే కొంత తీసి తన దగ్గర వేరుగా ఉంచుకోవడం. మీ ఆవిడ పేరున ఒక సేవింగ్స్ ఖాతాను ఇవ్వడానికే కేటాయించండి. జీతం వచ్చిన మర్నాడే దశమభాగం, సాయం, మందిరం కలిపి 23,000 అందులోకి వెళ్లాలి. నెలాఖరున మిగిలింది ఇద్దామనుకుంటే ఏ నెలా మిగలదు. హద్దు లేకుండా ఇస్తే ఇప్పుడు మీకు జరుగుతున్నట్టే అప్పు చేసి ఇవ్వాల్సి వస్తుంది.

ఆ ఖాతా ఆవిడ పేరున ఎందుకో చెప్తాను. మీ పాత సేవింగ్స్ ఖాతాకే ఇంకా పంపుతుంటే ముందు దాన్ని ఎన్ఆర్ఓగా (ప్రవాసుల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించాలి, పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా (ప్రవాసుల విదేశీ సంపాదనకు ఉండేది) తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్ఆర్ఓ వడ్డీలో సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తారు. ఎన్ఆర్ఈ ఖాతాను నడిపే అధికారం ఆవిడకు రాసిచ్చినా ఇంటి చెల్లింపులకే పనికొస్తుంది. మీ తరఫున ఇక్కడివాళ్లకు కానుకగా డబ్బు ఇచ్చే వీల్లేదు. మీరే నెట్ బ్యాంకింగ్‌లో పంపొచ్చు, లేదా ఆవిడ ఖాతాకు పంపితే ఆవిడ తన ఖాతా నుంచి ఇవ్వొచ్చు. భార్యకు పంపిన డబ్బుకు పన్ను రాదు.

గల్ఫ్ డబ్బు కదా, విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేని సంఘం తీసుకోవచ్చా అని మీ సంఘ పెద్దలకు అనుమానం రావచ్చు. తీసుకోవచ్చు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చింది విదేశీ విరాళం కిందికి రాదు. సంఘం ఫైల్లో ఉంచుకోవడానికి మీ పాస్‌పోర్టు నకలు ఇవ్వండి. రూపాయి ఎక్కువొస్తుందని హవాలాలో పంపితే అది నేరం, పైగా ఈ రక్షణా పోతుంది. క్యాంపులో ఫిలిప్పీన్స్ సోదరులు, కెన్యా సోదరులు ఇచ్చింది కలిపి మీ పేరున పంపడం అస్సలు వద్దు. వాళ్లది విదేశీ విరాళమే. దానికి తోడు, యూఏఈలో 2021 నాటి చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు సేకరించకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టినా సేకరణే. పక్క మంచం తమ్ముడికి జీతం ఆలస్యమైతే మీ జేబులోంచి సాయం చేయడం వేరు, దానికి అభ్యంతరం లేదు.

మందిరానికి బాకీ ఉన్న 1,40,000 గురించి పాస్టర్ గారికి ఈ వారమే ఫోన్ చేయండి. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవడం లూకా 14లో ఉంది, ఆయనకు ఆ మాట కొత్త కాదు. డిసెంబరుకు కుదరదు, నెలకు 5,000 చొప్పున ఇరవై ఎనిమిది నెలలు ఇస్తాను, నిల్వ పూర్తయితే ఇంకా ముందే ముగిస్తాను అని తేదీతో సహా మెసేజ్ పెట్టండి. స్లాబు ఎప్పుడు వేయాలో చూసుకునే కమిటీకి నెల నెలా తప్పకుండా వచ్చే 5,000 అక్కరకొస్తుంది.

సాయాలను 15,000 నుంచి 6,000కు తగ్గించమన్నది మీకు కష్టంగా తోస్తుందని తెలుసు. చేబదులు అడిగిన ప్రతిసారీ ఇది తిరిగొస్తుందా అని ముందే తేల్చుకోండి. రాదనిపిస్తే అప్పుగా ఇవ్వకండి. అడిగిన పదివేలకు బదులు మూడువేలు, తిరిగివ్వక్కర్లేదని చెప్పి చేతిలో పెట్టండి. చేబదులు ఎగ్గొట్టిన తమ్ముడు డబ్బుతో పాటు మీ ఇంటికి రావడం కూడా మానేస్తాడు. తోబుట్టువులకు, బావమరిదికి ఎంతిచ్చినా వాళ్లకు పన్ను లేదు. మేనమామ, చిన్నాన్న కొడుకు, స్నేహితుడు ఆ జాబితాలో లేరు. ఏడాదిలో అందరి దగ్గరా కలిపి 50,000 దాటి కానుకగా పుచ్చుకుంటే ఆ మొత్తం వాళ్ల ఆదాయంలో కలుస్తుంది.

ఆపరేషన్‌కని ఎవరైనా 50,000 అడిగితే ముందు రేషన్ కార్డు ఉందా అని అడగండి. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఆ చికిత్స ఉంటే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో బిల్లు పథకమే భరిస్తుంది. హెల్ప్ డెస్క్ దగ్గర పది నిమిషాల్లో తేలుతుంది. అప్పుడు నిజంగా కావలసింది వేరే ఉంటుంది: అరకు నుంచో పలాస నుంచో రోగితో వచ్చినవాళ్లకు రెండు వారాల భోజనం, బస్సు చార్జీలు, పోయిన కూలి. మీ 6,000 అక్కడ బాగా అక్కరకొస్తుంది. పథకంలో లేని మందు అయితే మందుల షాపుకు గానీ ఆసుపత్రికి గానీ నేరుగా కట్టించండి.

అడిగేవాళ్లు గాజువాకలో వచ్చి నిలబడేది మీ ఆవిడ ముందు. కాబట్టి ఆ ఖాతా కార్డు, నిర్ణయం రెండూ ఆవిడ చేతిలోనే పెట్టండి. ఈ నెల డబ్బు అయిపోయింది, వచ్చే నెల మొదటి వారం రండి అని ఆవిడ చెప్పిన మాటను అబుదాబి నుంచి ఫోన్ చేసి మార్చకండి.