పాత ప్యాటర్న్ పుస్తకం కొనే ముందు

ప్రశ్న: క్రోషే, కుట్టు ప్యాటర్న్ పుస్తకాలు కొత్తవి కొనాలంటే భారంగా ఉంది. ఆన్‌లైన్‌లో పాతవి చవగ్గా కనిపిస్తున్నాయి. ఏం చూసి తీసుకోవాలి?

జవాబు: ముందు పోస్టేజీ కలిపి లెక్క వేసుకోండి. చాలాసార్లు చవక అక్కడే ఆవిరైపోతుంది.

కుట్టు పుస్తకానికి ప్రాణం వెనక అట్ట లోపలి కవరులో మడిచి పెట్టే ప్యాటర్న్ షీట్లు, అంటే బట్ట కత్తిరించడానికి గీసిచ్చిన నమూనా కాగితాలు. అవి లేకపోతే మీకు మిగిలేది బొమ్మల పుస్తకమే. ‘మంచి కండిషన్’ అని రాసినా అది అట్ట సంగతే కావచ్చు. షీట్లు ఎన్ని ఉన్నాయో అడిగి, విప్పి పరిచిన ఫొటో పంపమనండి. అన్ని సైజుల గీతలూ ఒకదానిలో ఒకటిగా గీసి ఉంటాయి కాబట్టి, ఎవరైనా చిన్న సైజు గీత మీద కత్తిరించేసి ఉంటే పెద్ద సైజులన్నీ పోయినట్టే. పెన్సిల్ గీతలకు భయపడక్కర్లేదు, రబ్బరుతో పోతాయి.

క్రోషేలో చిక్కు వేరు. అమెరికా పుస్తకంలో సింగిల్ క్రోషే అన్న కుట్టే బ్రిటన్ పుస్తకంలో డబుల్ క్రోషే. అమెరికావాళ్ల డబుల్ బ్రిటన్‌వాళ్లకు ట్రెబుల్. తెలియక మొదలెడితే వరసల ఎత్తు మారి, కొలత తప్పి, నూలు లెక్క తారుమారవుతుంది. సంక్షిప్త పదాల పేజీ ఫొటో అడగండి. సింగిల్ క్రోషే అని కనిపిస్తే అది అమెరికా పద్ధతి.

వెతికేటప్పుడు పేరుకంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద వేసే గుర్తింపు సంఖ్య) నయం. 2007కి ముందువాటికి 10 అంకెలు, తర్వాతివాటికి 13. ముద్రణ ఏదో తెలిస్తే ప్రచురణకర్తల తప్పొప్పుల పట్టిక కూడా వెతుక్కోవచ్చు. బూజు వాసన ఉందంటే మాత్రం వదిలేయండి, పక్క పుస్తకాలకూ పాకుతుంది.