నీళ్ళ లోతు చూసి రాయి

తమ్మీ,

హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడిచింది, తప్పుల్లేవు. కానీ అందులో చెరువు కనబడలేదు. కిలకిలరావాలు, ప్రకృతి ఒడి, పచ్చని తివాచీ తీసేస్తే మిగిలేవి బస్సు దిగడం, చాయ్ తాగడం. ఆ వ్యాసం ఏ ఊరి చెరువుకైనా అతుకుతుంది. దాని జబ్బు అదే.

తిరగరాసేటప్పుడు ఒక్క పని చెయ్యి. ఏ పక్షిని రాసినా, అది నిలబడ్డచోట నీళ్ళెంత లోతో కూడా రాయి. టేపు అక్కర్లేదు, పక్షి కాళ్ళే చెప్తాయి. ఒడ్డున పొడినేల మీద తీతువు పిట్ట తిరుగుతుంటుంది. వేలు మునిగీ మునగని బురదలో చిన్న ఉల్లంకి పిట్టలు పొడుచుకుంటుంటాయి. కొంచెం లోపలికి, జానెడు గులాబీరంగు కాళ్ళ స్టిల్టులు. ఇంకా లోపల, వస్తే గిస్తే, ఫ్లెమింగోలు: తల కిందికి వంచి, ముక్కును బోర్లించి, నీళ్ళని లోపలికి లాగి వడగట్టుకుంటాయి. సూదితోక బాతు తోక పైకి లేపి తల ముంచిందంటే అడుగు దాని మెడకి అందేంత దూరంలోనే ఉందన్నమాట. నామాల కోడి మాటిమాటికీ బుడుంగున మునిగి నాచు పీక్కుని తేలుతుంటే అక్కడ మెడ చాలదు. ఇలా ఒడ్డు నుంచి లోపలికి వరసగా రాస్తే, 'అందం' అనే మాట వాడకుండానే చదివేవాడికి చెరువు అడుగు కనబడుతుంది.

లోతు తెలియకపోతే కారణాలు కూడా తప్పుతాయి. వానలు బాగా పడిన ఏడు అక్టోబరులో చెరువు నిండి నీళ్ళు గట్టు అంచుకొస్తాయి. అప్పుడు పలచని నీళ్ళ అంచే ఉండదు, కాబట్టి ఉల్లంకులూ స్టిల్టులూ వేరే చోటు చూసుకుంటాయి. కొత్తగా రాసేవాళ్ళు అది చూసి, పక్కనే లేచిన అపార్టుమెంట్ల వల్ల పక్షులు తగ్గాయని రాసేస్తారు. అపార్టుమెంట్ల పాపం తక్కువేమీ కాదు, దాన్ని వేరేగా రాయొచ్చు. ముందు నీటిమట్టం చూడు. ఫిబ్రవరి, మార్చి నాటికి నీళ్ళు వెనక్కి తగ్గి బురద బయటపడితే, అదే చెరువుకి అవే పిట్టలు వస్తాయి. బండరాళ్ళ మీద నీటి చారలు కనబడతాయి కదా, పై చారకీ ఇవాళ్టి నీటికీ మధ్య ఎన్ని జానలో చూసి రాసుకో.

'సహజసిద్ధమైన సరస్సు' అన్నావు. కొట్టెయ్. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంత నీళ్ళు నిలిచాయంటే ఎవరో కట్ట వేశారనే అర్థం. హుస్సేన్ సాగర్, అమీన్‌పూర్ కుతుబ్‌షాహీల నాటివి. ఉస్మాన్ సాగర్ 1908 మూసీ వరద తర్వాత కట్టింది, 1920 నాటికి పూర్తయింది. అమీన్‌పూర్‌కి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న గుర్తింపు వచ్చింది. నగరం అంచున ఉన్న ఒక చెరువుకి దేశంలో ఇలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. మనిషి కట్టిన చెరువుకి ఈ గౌరవం దక్కడంలోనే నీ వ్యాసానికి కావలసిన ముడి ఉంది, నువ్వు దాన్ని పట్టుకోలేదు. కట్ట ఎటువైపుంది, నీళ్ళు వదిలే తూము ఎక్కడ, నిండాక పొర్లే మత్తడి ఎక్కడ దుముకుతుంది, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, ఇప్పుడేముంది, ఇవి నాలుగూ తెలుసుకున్నాకే నడక మొదలుపెట్టు. లోతు కట్ట దగ్గర ఎక్కువ, పైనుంచి నీళ్ళొచ్చే వైపు తక్కువ. అంటే నీటికాకులూ గూడబాతులూ ఎటుంటాయో, పొడుగుకాళ్ళవి ఎటుంటాయో కట్టను చూసే చాలావరకు చెప్పొచ్చు.

నీ వ్యాసంలో నాకు నచ్చిన చోటు ఒకటుంది. తెల్లారేసరికి ఒక మూల కొంగలు గుంపుగా చేరడం చూశావు. దాన్ని 'కొంగల సంబరం' అనేశావు. గుర్రపుడెక్క కమ్మిన చెరువుల్లో అది తరచు సంబరం కాదు, ఊపిరాడని చేపలు. మురుగు కలిసిన నీళ్ళలో ఎరువు ఎక్కువై గుర్రపుడెక్క, నాచు పెరుగుతాయి. రాత్రంతా అక్కడున్న జీవమంతా ఆక్సిజన్ వాడుకుంటుంది, వెలుతురు లేక కొత్తది పుట్టదు. తెల్లవారుజాముకి నీళ్ళలో అది బాగా పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, కొంగలకి పండగే. ఈసారి వెళ్ళినప్పుడు చేపల నోళ్ళు నీటిపైన కనబడుతున్నాయేమో చూడు. పొద్దెక్కాక కొంగలు చెదిరిపోతే ఆ గంట కూడా రాసుకో. వల వేసేవాళ్ళని అడిగితే ఇంకా వివరంగా చెప్తారు. వాళ్ళు పిట్టలకి పెట్టుకున్న పేర్లుంటే అవే వాడు.

పనిముట్ల సంగతి కొంచెమే. 8 రెట్ల బైనాక్యులర్ చాలు. 10 రెట్లది చేతిలో ఊగుతుంది. మంచుకి ఇంకు పాకుతుంది కాబట్టి పెన్సిల్ పట్టుకెళ్ళు. పొద్దున తూర్పు ఒడ్డున, సాయంత్రం పడమటి ఒడ్డున నిలబడు. సూర్యుడు వీపు వెనక లేకపోతే పక్షులన్నీ నల్లగానే కనబడతాయి, నువ్వు వాటికి లేని రంగులు ఊహించి రాస్తావు. ఒకచోట ఇరవై నిమిషాలు కదలకుండా ఉండు. మొదటి అయిదు నిమిషాలూ జమ్ములోంచి ఏదీ రాదు.

లెక్క విషయానికి వస్తే, 'వందలాది' అనే మాట నీ నోటుబుక్కులో ఉండకూడదు. గుంపులో ఒక చివర పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టు. ఆ పదీ ఎంత జాగా ఆక్రమించాయో కంటికి పట్టించుకో. అదే జాగా గుంపంతటా ఎన్నిసార్లు పడుతుందో చూడు. ఎగిరే గుంపుని ఎక్కువమంది తక్కువగానే లెక్కిస్తారు. అందుకే రెండుసార్లు లెక్కపెట్టి రెండు అంకెలూ రాసుకో.

పదకొండు నుంచి మూడు దాకా పెద్దగా ఏమీ జరగదు. ఆ భాగాన్ని నువ్వు కవిత్వంతో నింపావు. ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనీ, రెండు వాక్యాలతో దాటెయ్. లేదంటే ఆ వేళలోనే కట్ట మీద సర్కారు తుమ్మనీ, నీటి అంచున లొట్టపీసునీ, తూనీగల్నీ చూడు. రెక్కలు చాచి కూర్చున్న నీటికాకిని రాసేటప్పుడు 'యోగముద్ర' అనకు. దాని ఈకలు తడుస్తాయి, ఆరబెట్టుకుంటోంది.

తీతువు నీ నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంటే దగ్గర్లో గులకరాళ్ళలాంటి గుడ్లుండొచ్చు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా, ఆ చోటు గుర్తులు వ్యాసంలో రాయకు. సంగారెడ్డి వైపు మంజీరకి వెళ్తే నీటి అంచు దాకా దిగకు, అక్కడ మొసళ్ళుంటాయి.

ఇప్పుడే తిరగరాయకు. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళు. పోయినసారి నువ్వు నిలబడ్డ చోటునుంచే నీళ్ళు ఎన్ని అడుగులు వెనక్కి పోయాయో నడిచి కొలువు, బురద మీద ఏ పిట్టలు చేరాయో లెక్క రాసుకో. రెండు రోజుల నోట్సూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో నీకే తడుతుంది. నాలుగు పేజీలు దాటనీకు. పంపేటప్పుడు నోటుబుక్కు కాగితాల ఫొటోలు కూడా పంపు, ముందు అవే చూస్తాను.