బోరు నీళ్ల గార వదలాలంటే రుద్దడం కాదు, నానబెట్టాలి

టైల్స్ మీద, కుళాయిల చుట్టూ బోరు నీళ్ల తెల్లటి గార పట్టేసిందనీ, వంట సోడాలో వెనిగర్ కలిపి ఎంత రుద్దినా పోవడం లేదనీ, షాపులో దొరికే యాసిడ్ వాసన పడదు కాబట్టి ఇంట్లో ఉన్నవాటితో దారి చెప్పమనీ అడిగారు. విజయనగరంలో అద్దెకున్నప్పుడు మూడు నెలలు నేనూ ఆ సోడా, వెనిగర్ పనే చేశాను. చేతులు నొప్పులు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ రెండూ కలిస్తే బుసబుసా పొంగుతుంది, ఏదో జరిగిపోతోందని మనకి సంబరం. కానీ ఒకటి పులుపు, రెండోది దానికి విరుగుడు. పొంగు చల్లారేసరికి రెండింటి బలమూ పోతుంది. ఈ గార ఏమిటంటే, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఎండి గట్టిపడ్డ పొర. ఒకరకంగా సున్నమే. అది పులుపుకే కరుగుతుంది, అదీ కాస్త టైమ్ ఇస్తేనే.

నాకీ సంగతి తెలిసింది మా అత్తగారి వల్ల. వాళ్లది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఆ జిల్లాలోనే బుడితి అనే ఊళ్లో చేసిన ఇత్తడి బిందెలు, చెంబులు ఉన్నాయి, పండగ వస్తోందంటే అవన్నీ చింతపండుతో తోముతారు. ఓ సంక్రాంతికి తోమగా మిగిలిన గుజ్జు స్నానాల బకెట్ అంచుకి పూసి, పనిలో పడి మర్చిపోయారు. మధ్యాహ్నం కడిగితే ఆ పూసినంత మేరా గార గోటితో గీకితే ఊడి వచ్చింది! పక్కన పూయని చోట మాత్రం ఎప్పటిలాగే రాయిలా ఉంది.

టైల్స్‌కి మాత్రం చింతపండు నాకు నచ్చలేదు. సందుల్లో గోధుమ రంగు దిగుతుంది, అదొక కొత్త మరక. ఇప్పుడు నిమ్మ ఉప్పే (సిట్రిక్ యాసిడ్ పొడి) వాడుతున్నాను, కిరాణా కొట్లో దొరుకుతుంది. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలుపుతాను. గోడ మీద పోస్తే జారిపోతుంది కదా, అందుకని పాత పంచె ముక్కల్ని అందులో ముంచి టైల్స్‌కి అంటించేస్తాను. అరగంట, ముప్పావుగంట తర్వాత తీసి ప్లాస్టిక్ బ్రష్‌తో తోమి బాగా కడగడమే. ఏళ్ల నాటి గార ఒక్కసారికి పోదు, నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. కుళాయిలకి మాత్రం పావుగంట దాటనివ్వకండి, పైపూత మసకబారుతుంది. కమోడ్‌లో నీటి మట్టం దగ్గర పట్టే గోధుమ రంగు వలయానికైతే నీళ్లు మగ్గుతో తోడేసి, నాలుగైదు చెంచాల పొడి చల్లి రాత్రంతా వదిలేయాలి.

సోడా అసలు దండగని కాదు. సబ్బు జిడ్డుకీ, నూనె తలస్నానాల మురికికీ బాగా పనిచేస్తుంది, విడిగా వాడితే. నలుగు పెట్టుకున్నాక గోడలకంటిన పసుపు మీద మాత్రం వేయకండి. పసుపుకి సోడా తగిలితే ఎర్రబడుతుంది. మా ఆడపడుచు పెళ్లిలో అది చూసి రక్తం అనుకుని అందరం కంగారుపడ్డాం.

టైల్స్ సందుల్లో నల్లగా ఉంటే అది గార కాదు, బూజు. దానికి బ్లీచింగ్ పౌడర్ కావాలి. కానీ నిమ్మ ఉప్పు, వెనిగర్, యాసిడ్ వాడిన రోజున దాని జోలికి వెళ్లొద్దు. పులుపుతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న వెంటిలేటర్ ఉన్న మన బాత్రూముల్లో అది చాలా ప్రమాదం. రెండు పనులూ వేర్వేరు రోజుల్లో, తలుపు తీసి పెట్టుకుని చేయండి.

ఇంకొకటి, మీ నేల ఏమిటో రాయలేదు. మా అద్దింట్లో మొజాయిక్ గచ్చు. విసుగొచ్చి ఒకరోజు యాసిడ్ సీసా ఒంపేశాను. నురగ వచ్చింది, గార పోయింది, దాంతోపాటు గచ్చు నునుపూ పోయింది. మొజాయిక్‌లో ఉండేవి చలువరాతి ముక్కలు, అవీ సున్నం జాతే. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడింది. కడప బండలూ అంతే, సున్నపురాయి. మన టెక్కలి గ్రానైట్ అయితే అంత తొందరగా పాడవదు. మీదీ అద్దిల్లే అన్నారు కాబట్టి, ముందు గార లేని ఒక మూల రెండు చుక్కలు నిమ్మరసం వేసి చూడండి. బుడగలు వచ్చినా, ఆరాక అక్కడ మెరుపు తగ్గినా, గోడ టైల్స్ వరకే చేసి, నేల మీద గుడ్డ పరిచి నీళ్లు అటు జారకుండా చూసుకోండి.