ట్రయల్ కాగితం మా చేతికీ వచ్చింది: మేము ఏం అడిగాం, ఎందుకు సంతకం పెట్టాం

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆదోనిలో మీ అక్క కొడుకు, ఎనిమిదేళ్ళ పిల్లోడు. బి-సెల్ ఏఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేలి నాలుగు రోజులైంది. హైదరాబాదులో డాక్టర్లు క్లినికల్ ట్రయల్‌లో (ఏ వైద్యం మేలో రోగులకు ఇచ్చి పోల్చి చూసే పరిశోధనలో) చేరుస్తారా అని అడిగి, రేపటికల్లా చెప్పమన్నారు. మీ నాన్న "మన పిల్లోని మీద ప్రయోగాలు చేస్తారంట, వద్దు" అంటున్నాడు. మీ అక్కకు ఏమీ తోచడం లేదు. ఒప్పుకోవాలా వద్దా అని అడిగావు.

నేను డాక్టర్‌ను కాదు. కర్నూలులో ఉంటాను. మా పాపకు ఐదేళ్ళప్పుడు, 2018లో, ఇదే జబ్బు వచ్చింది. ఇలాంటి కాగితమే మా చేతికీ వచ్చింది. ఇప్పుడు పాప మందులన్నీ ఆపేసి, బడికి పోతూ బాగుంది. మాకు జరిగింది చెబుతాను, అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి.

పాపకు మూడు వారాలు జ్వరం వచ్చి పోతూ ఉండేది. రాత్రిళ్ళు కాళ్ళు నొప్పులని ఏడిస్తే, ఎదిగే పిల్లలకు మామూలేలే అని కాళ్ళు పట్టి పడుకోబెట్టేదాన్ని. ఒకచోట టైఫాయిడ్ అని వారం రోజులు సెలైన్లు ఎక్కించారు. ఒకరోజు నీళ్ళు పోస్తుంటే వీపు మీద, తొడల మీద నీలం మచ్చలు కనబడ్డాయి. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, 18,000. చాలా తక్కువ. ఆ రాత్రే కారు మాట్లాడుకుని హైదరాబాదు పోయాం.

ఎముక మూలుగ తీసి పరీక్ష చేసి, జబ్బు పేరు చెప్పిన రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఒకాయన ఫారం పట్టుకుని వార్డులోకి వచ్చాడు. పదహారు పేజీలు. "పెన్సిల్‌తో టిక్కులు పెట్టాను, ఆ చోట్ల సంతకం చేయండి" అన్నాడు. మా ఆయన పెన్ను తీశాడు కూడా. చదివి పెడతాం అన్నాను నేను. "అందరూ పెడతారమ్మా, ఏం కాదు" అన్నాడాయన. అప్పుడు మా మామ లేచి, "ఏందమ్మా ఇది, పిల్లను ఎలుక మాదిరి వాడుకుంటారంట. ఏమిటికి పెట్టేది సంతకం?" అని గట్టిగా అరిచాడు. పక్క మంచాల వాళ్ళంతా లేచి కూర్చున్నారు.

ఆ రాత్రి వరండాలో ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఫారం మొత్తం చదివాను. తెలుగులోనే ఉంది, కానీ అదేం తెలుగో! "యాదృచ్ఛికీకరణ" అనే మాట దగ్గర పదిసార్లు ఆగాను. చీటీ తీసినట్టు కంప్యూటర్ ఎవరిని ఏ వైపు వేయాలో వేస్తుందని అర్థమంట. ఆ ముక్క అలాగే రాసి ఉంటే నాకు ఒక గంట ఏడుపు తప్పేది. మీ అక్క చేతిలో ఉన్న ఫారంలోనూ ఇలాంటి మాటలు ఉంటాయి. అర్థం కాని ప్రతి మాట కింద గీత గీయమను. చదువుకున్నవాళ్ళకే అర్థం కావు, సిగ్గుపడాల్సిన పని లేదు.

పొద్దున పెద్ద డాక్టర్ మేడమ్ వచ్చి రాత్రి జరిగింది విని, కుర్చీ లాక్కుని మా మామ ఎదురుగానే కూర్చుంది. ఒక కాగితం వెనక రెండు గీతలు గీసింది. పై గీత మీద మందుల పేర్లు రాసింది: స్టెరాయిడ్ బిళ్ళలు, విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, ఆస్పరాజినేస్, వెన్నులో ఇచ్చే మెథోట్రెక్సేట్. కింది గీత మీదా అవే పేర్లు. ఒకే తేడా, కింది గీతలో స్టెరాయిడ్ రోజులు తక్కువ. మొదటి నెలలో స్టెరాయిడ్ చెడ్డ కణాలను చంపుతుంది, దాంతోపాటే పిల్లల్లో రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. మన దగ్గర మొదటి నెలలో పోయే పిల్లల్లో చాలామందిని తీసుకుపోయేది ఇన్ఫెక్షన్. రోజులు తగ్గిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా? తగ్గినా, జబ్బు మళ్ళీ తిరగబెట్టకుండా ఉంటుందా? "ఏది మంచిదో మాకే తెలిసి ఉంటే మిమ్మల్ని అడిగేదే లేదు పెద్దాయనా, అదే ఇచ్చేసేవాళ్ళం" అంది.

మా మామ మెత్తబడింది ఆ మాటకే. నాకూ అప్పుడే బుర్రకెక్కింది. అది మందు తెలియక చేసే ప్రయోగం కాదు. రెండు వైపులా వైద్యమే. ఏ వైపు మేలో నిజంగా తెలియకపోవడమే ట్రయల్ పెట్టడానికి కారణం. పిల్లోడికి జబ్బు కొత్తగా తేలినప్పుడు అడిగే ట్రయల్స్ చాలా వరకు ఇలాంటివే, తెలిసిన వైద్యంలో ఒక ముక్క మార్చి చూసేవి. మన దేశంలోనే కొన్ని పెద్దాసుపత్రులు కలిసి ఐసికిల్ పేరుతో ట్రయల్ నడిపాయి (మా పాప చేరింది అది కాదు). అందులో ఒక ప్రశ్న, మధ్య దశలో డాక్సోరుబిసిన్ అనే కీమో మందు బదులు మైటోజాంట్రోన్ ఇస్తే మేలా అని. అందుకే మీరు అడగాల్సిన మొదటి మాట ఇది: "ట్రయల్‌లో చేరకపోతే మా వాడికి ఏం ఇస్తారు? చేరితే అందులో ఏది మారుతుంది?" దీనికి డాక్టర్ కాగితం మీద గీసి చూపించగలగాలి. అలా చూపించేదాకా సంతకం పెట్టొద్దు.

క్యాన్సర్ ట్రయల్ అంటే ఒక వైపు పిల్లలకు ఉత్త చక్కెర బిళ్ళలు ఇస్తారనే భయం చాలామందికి ఉంది. ఈ జబ్బుకు పనిచేసే వైద్యం ఉంది కాబట్టి దాన్ని ఆపేసి ఉత్త బిళ్ళలు ఇవ్వడం జరగదు. కొత్త మందును పాత వైద్యానికి కలిపి చూస్తారు, లేదా పాతదానిలో ఒకదాని చోట పెట్టి చూస్తారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో 1,440 మంది పిల్లలతో జరిగిన ట్రయల్ ఒకటి 2024 డిసెంబరులో అచ్చయింది. సగం మందికి మామూలు కీమో, సగం మందికి దానితో పాటు బ్లినాటుమోమాబ్ అనే మందు. మూడేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు మామూలు కీమోలో 100కి దాదాపు 88 మంది, కొత్త మందు కలిపినవాళ్ళలో 96 మంది. మధ్యలో లెక్కలు చూసినప్పుడే తేడా తేలిపోవడంతో చీటీ వేయడం ముందుగానే ఆపేశారు. ట్రయల్ నడిపే డాక్టర్లతో సంబంధం లేని కమిటీ ఒకటి ఇలా మధ్యలో లెక్కలు చూస్తూ ఉంటుంది. మీ ట్రయల్‌కు అలాంటి కమిటీ ఉందా అని అడగండి.

మా పాప దగ్గరికి వస్తాను. సంతకం పెట్టాం. కంప్యూటర్ మా పాపను పై గీతలో, అంటే మామూలుగా ఇచ్చే రోజుల వైపే వేసింది. నేను తక్కువ రోజులు రావాలని దేవుడికి మొక్కుకున్నాను, రాలేదు. ఏ వైపు పడాలో మన చేతిలో ఉండదు, డాక్టర్ చేతిలోనూ ఉండదు. "మా వాణ్ణి ఫలానా వైపు వేయండి" అని బతిమాలినా వాళ్ళు చేయలేరు. అది ఒప్పుకోలేకపోతే చేరకపోవడమే మంచిది. పక్క మంచం పిల్లోని నాన్న వద్దన్నాడు. ఆ బాబుకూ అదే మేడమ్, అవే మందులు. ఎవరూ ఒక్క మాట అనలేదు, మంచం మార్చలేదు. ఆ బాబూ ఇప్పుడు బాగున్నాడు. కాబట్టి వద్దంటే వైద్యం సరిగా చేయరేమో అని భయపడి మాత్రం ఒప్పుకోకండి. చేరాక మధ్యలో బయటికి వచ్చే హక్కు కూడా ఉంది, ఆ ముక్క ఫారంలోనే రాసి ఉంటుంది. ట్రయల్ నుంచి బయటికి రావచ్చు గానీ వైద్యం నుంచి రాకూడదు. ఈ రెండూ ఒకటే అనుకుని పిల్లను ఇంటికి తీసుకుపోయిన వాళ్ళను నేను చూశాను. ఆ పాప లేదు ఇప్పుడు.

ఫారంలో చూడాల్సినవి ఇంకొన్ని. పైన ఎక్కడో సీటీఆర్‌ఐ, అంటే ట్రయల్స్ నమోదుచేసే ప్రభుత్వ రిజిస్ట్రీ, నంబరు ఉండాలి. మన దేశంలో మందుల ట్రయల్స్ అన్నీ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలనే నియమం 2009 నుంచి ఉంది. ఆ నంబరు కొట్టి చూస్తే ట్రయల్ వివరాలు ఎవరికైనా కనబడతాయి. ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ళ హక్కులు, క్షేమం చూసే కమిటీ) వాళ్ళ ఫోన్ నంబరు ఉండాలి, డాక్టర్‌తో కాకుండా నేరుగా వాళ్ళతో మాట్లాడొచ్చు. సంతకం పెట్టిన ఫారం కాపీ ఒకటి మీకు ఇవ్వాలి. కొత్త మందుల ట్రయల్స్‌కు 2019లో వచ్చిన నియమాల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. ఆ పేరా మీ ఫారంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. పిల్లోడికి ఎనిమిదేళ్ళు కదా, ఏడేళ్ళు దాటిన పిల్లల ఒప్పుదల కూడా అడగాలి. మీ అల్లుడికి వాడి భాషలో వాళ్ళే చెప్పాలి. మీరూ దాచకండి. వార్డులో పిల్లలకు అన్నీ తెలిసిపోతాయి.

డబ్బుల సంగతి మొహమాటపడకుండా అడగండి. మాకు అప్పట్లో ఆరోగ్యశ్రీ ఉపయోగపడింది. ట్రయల్ కోసమే అదనంగా చేసే పరీక్షలు ఎవరి ఖర్చు? ట్రయల్ కోసం అదనంగా రమ్మంటే ఆదోని నుంచి రానుపోను చార్జీలు ఇస్తారా? మాకు తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ టికెట్లు, ఆసుపత్రి దగ్గర గది అద్దె కలిపితేనే నడుం విరిగింది. ట్రయల్ మందుకే డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోండి. ఈ ఫారాలు, నంబర్లు ఏమీ లేకుండా "కొత్త మందు, గ్యారంటీ" అని ఊళ్ళల్లో తిరిగేవాళ్ళ దగ్గరికి అసలే పోవద్దు.

చేరినందుకు మాకు మేలు జరిగిందా అంటే, మందుల్లో తేడా ఏమీ లేదు, పాప మామూలు వైపే పడింది కాబట్టి. కానీ ఒకటి చెప్పాలి. 2020 లాక్‌డౌన్‌లో పాప మెయింటెనెన్స్‌లో, అంటే ఇంట్లో ఉండి బిళ్ళలు వేసుకునే చివరి దశలో, ఉంది. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. కర్నూలు రెడ్‌జోన్, తెలంగాణ సరిహద్దులో పుల్లూరు టోల్‌గేట్ దాటనిచ్చేవాళ్ళు కాదు. బిళ్ళలు తొమ్మిదే మిగిలాయి. స్టీలు ప్లేటులో పెట్టి బ్లేడుతో సగాలు చేసి, ఆ సగాలు లెక్కపెట్టుకునేదాన్ని. అప్పుడు ట్రయల్ నర్సు తనే ఫోన్ చేసింది, రక్తపరీక్ష కర్నూలులోనే చేయించి వాట్సాప్‌లో పంపమని, బిళ్ళలు పంపే ఏర్పాటు చేస్తానని. లెక్కలు రాసుకోవాలి కాబట్టి వాళ్ళు మమ్మల్ని వదల్లేదు. అన్నిచోట్లా ఇలా ఉంటుందని నేను చెప్పలేను. మీ ట్రయల్‌లో రాత్రిపూట ఫోన్ ఎత్తేది ఎవరో పేరుతో సహా అడిగి రాసుకోండి.

ఆ మెథోట్రెక్సేట్ పసుపుపచ్చగా, చిన్నగా ఉంటుంది. దాని కథ మేడమ్ మా మామకు చెప్పింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీలో పనిచేస్తూ, తన బృందంతో అమినోప్టెరిన్ తయారుచేయించాడు. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఈ జబ్బుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. పది మందిలో జబ్బు కొన్నాళ్ళు తగ్గింది. అది 1948లో అచ్చయింది. సుబ్బారావు గారు ఆ ఏడే పోయారు. ఆ పిల్లలు ఎక్కువ కాలం బతకలేదు, కానీ ఈ జబ్బు మందుకు లొంగుతుందని మొదట తెలిసింది వాళ్ళ వల్లే. మెథోట్రెక్సేట్ కూడా సుబ్బారావు గారి బృందం చేతుల నుంచే వచ్చింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రాత్రి ఆ బిళ్ళ పాపకు ఇచ్చేది మా మామే. ఇంకెవరినీ ఇవ్వనిచ్చేవాడు కాదు.

జబ్బు తిరగబెట్టినప్పుడు అడిగే ట్రయల్ సంగతి వేరు, దాని గురించి కొంచెం చెప్పి ఆపుతాను. అక్కడ మందు నిజంగానే కొత్తది కావచ్చు, మోతాదు ఎంతో తెలుసుకునే దశలో ఉండొచ్చు. అలాంటప్పుడు "ఇది ఏ ఫేజ్? ఇంతవరకు ఎంతమందికి ఇచ్చారు?" అని అడగాలి. మన ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ళ చేతుల్లో పుట్టిన నెక్స్‌కార్19 అనే కార్-టి వైద్యం (రోగి రక్తంలోని కణాలనే మార్చి జబ్బు మీదికి పంపేది) కూడా ఇలాంటి ట్రయల్స్ దాటుకునే 2023 అక్టోబరులో అనుమతి పొందింది. మీ అల్లుడికి ఆ అవసరం ఇప్పుడు లేదు, రాకూడదని కోరుకుంటున్నాను.

రేపటికి చేయాల్సింది ఇదీ. ఫారం ఫోటోలు తీసి ఈ రాత్రే నువ్వూ, మీ అక్కా, మీ బావా విడివిడిగా చదవండి. పొద్దున రౌండ్స్‌కు ముందే పెద్ద డాక్టర్‌తో పావుగంట టైమ్ అడగండి, మీ నాన్నను తప్పకుండా పక్కన కూర్చోబెట్టండి. ఇంకో రోజు కావాలనిపిస్తే అడగండి, కానీ వారాలు సాగదీయొద్దు, ఈ జబ్బు ఆగదు. మొదటి నెల చివర మూలుగలో మిగిలిన జబ్బు ఎంతో చూస్తారు, ఎమ్‌ఆర్‌డీ అంటారు. పదివేల కణాల్లో ఒకటి కంటే తక్కువ రావాలి. ట్రయల్‌లో ఉన్నా లేకపోయినా ఆ రిపోర్టు మీ చేతికి తీసుకోండి.

ఇంకొకటి, మీ అక్కకు చెప్పు. స్టెరాయిడ్ మొదలయ్యాక వాడికి వేళకాని వేళ ఆకలి వేస్తుంది, ఊరికే కోపం వస్తుంది. అది వాడి తప్పు కాదు, మందు అలాంటిది. మా పాప రాత్రి రెండింటికి లేచి బొరుగుల ఉగ్గాని కావాలని ఏడ్చేది. ఆసుపత్రి ఎదురుగా గది తీసుకుని మా అత్త అక్కడే చిన్న స్టవ్ పెట్టింది. బయటి తిండి పెట్టొద్దన్నారు కదా, అంతా ఇంట్లో వేడివేడిగా చేసిందే. మీరూ బొరుగులు రెండు కిలోలు ఊరి నుంచే తెచ్చుకోండి.